చెప్పుల ఊళ్ళో బొమ్మల నడక

బాటా చెప్పులు తొడగని తెలుగువాడు వున్నాడంటే నేను నమ్మను. జూన్ నెలలో బడులు తెరిచే వేళకి నాన్నగారి వేలు పట్టుకుని బజారుకి వెళ్ళడం, షాపులో కొలతపలక మీద కాలు పెట్టి వేళ్ళు ముడుచుకోవడం, పెట్టె మీద ధర చివర 95 పైసలు చూసి ఆ మిగతా 5 పైసలు ఎందుకు వదిలేశారా అని ఆశ్చర్యపోవడం మా తరం వాళ్ళందరికీ అనుభవమే. కలకత్తా దగ్గర బాటానగర్ అని ఊరే వుంది గనక, బాటా అంటే ఎవరో బెంగాలీ పెద్దమనిషి పేరని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

తీరా చూస్తే ఆ బాటాగారు బెంగాలీ కాదు, చెక్ దేశస్థుడు. మొరావియా ప్రాంతంలో జ్లీన్ అనే చిన్న ఊళ్ళో 1894లో మొదలైన చెప్పుల కార్ఖానా ఆయనది. సినిమా పత్రికలో చెప్పుల గొడవ ఏమిటంటారా? అక్కడికే వస్తున్నాను. ఆ చెప్పుల కంపెనీ 1930లలో తన సరుకుకి ప్రకటనలు తీసుకోవడానికని సొంతంగా ఒక స్టూడియో కట్టుకుంది. ఆ స్టూడియోలోనే తర్వాత కర్రబొమ్మలు, గుడ్డబొమ్మలు, ఆఖరికి గాజుబొమ్మలు కూడా వెండితెర మీద నడక నేర్చుకున్నాయి. మనుషులకి చెప్పులు కుట్టిన ఊరే బొమ్మలకి అడుగులు నేర్పిందన్నమాట! ఈ సంగతి తెలిసిన రోజునుంచీ ఆ ఊరు చూడాలని నా కోరిక. నిరుడు మే నెలాఖరులో అది తీరింది.

తీరిందన్న మాటేగానీ, వెళ్ళేటప్పుడు మనసు మనసులో లేదు. అంతకు మూడు నెలల ముందు బెజవాడలో మా అమ్మ పెరట్లో జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎనభయ్యో పడిలో ఆపరేషన్. అది బాగానే జరిగింది. కానీ అమ్మ ఆ కాలు కింద పెట్టనంటుంది. రోజూ కసరత్తు చేయించడానికి వచ్చే కుర్రాడు "బామ్మగారూ, బరువు వెయ్యండి, ఏమీ కాదు, నేనున్నాగా" అని బతిమాలతాడు. ఆవిడ వాకరు మీద రెండు చేతులూ గట్టిగా ఆనించి, ఎడం కాలి మీద గెంతి, కుడికాలు ఈడ్చి, "నడిచానుగా, ఇక పో నాయనా" అంటుంది. డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు: "ఇలాగే వుంటే ఆవిడ మంచానికే అంటుకుపోతారు. భయం పోవాలి, అంతే."

ప్రయాణం మానుకుంటానంటే అమ్మే కసిరింది. "నువ్వు పక్కన కూచుంటే నా కాలు అతుక్కుంటుందిట్రా? వెళ్ళు. ఉత్త చేతులతో మాత్రం వెళ్ళకు" అని అద్దాల బీరువాలోంచి ఒక కొండపల్లి బొమ్మ తీయించి నా పెట్టెలో పెట్టించింది. ఎడం చంకన నీళ్ళ బిందె ఎత్తుకున్న పల్లెపడుచు బొమ్మ. జానెడు పొడవు. తెల్లపొణికి కర్ర గదా, చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు.

ఎర్ర ఇటుకల ఊరు

ప్రాగ్ నగరంనుంచి రైల్లో మూడు గంటల పైచిలుకు ప్రయాణం చేసి ఒత్రోకోవిత్సే అనే స్టేషన్లో దిగాలి. అక్కణ్ణుంచి జ్లీన్‌కి ట్రాలీబస్సు. పైన కరెంటు తీగలు పట్టుకుని చప్పుడు లేకుండా పోయే బస్సు. దిగగానే కనిపించేది ఎర్ర ఇటుక. ఇళ్ళూ, కార్ఖానాలూ అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఎర్ర ఇటుకా, అద్దాల కిటికీలూ. చుట్టూ పచ్చటి కొండలు. 'ఇదేమిటి, ఊరా, చెప్పుల పెట్టెలు పేర్చిన గోదామా!' అనిపించింది ఒక్క క్షణం.

నడిమధ్యన 16 అంతస్తుల భవనం వుంది. 21వ నంబరు బిల్డింగ్ అంటారు. 77 మీటర్ల పైన ఎత్తు, 1930ల చివర కట్టారు. అందులో నాకు నచ్చిన వింత, యజమాని యాన్ ఆంటోనిన్ బాటాగారి ఆఫీసు. గదంతా లిఫ్టే! బల్ల, కుర్చీ, చేతులు కడుక్కునే కుళాయి అన్నీ లిఫ్టులోనే. యజమాని లేవకుండానే ఆఫీసు ఏ అంతస్తుకి కావాలంటే ఆ అంతస్తుకి వెళుతుంది. జనం నడవడానికి చెప్పులు అమ్మిన మనిషి తాను నడవకుండా వుండే ఏర్పాటు చేసుకున్నాడు! పాపం, 1939లో దేశం వదలి వెళ్ళిపోవడంతో ఆ వైభోగం ఆయనకి దక్కలేదు. ఇప్పుడు అది ప్రభుత్వ కార్యాలయాల భవనం. నాబోటి యాత్రికులు ఆ లిఫ్టు గదిని చూసి నవ్వుకుని వస్తారు.

పాత సినిమా పుస్తకాల్లో ఈ ఊరు పేరు మీకు కనిపించకపోవచ్చు. కంపెనీ జాతీయమై, ఆ తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక, 1949నుంచి 1989 దాకా నలభై ఏళ్ళు దీని పేరు గొట్వాల్డోవ్. ఆ పేరుతోనే 1961లో ఇక్కడ పిల్లల చిత్రాల ఉత్సవం మొదలైంది. ప్రపంచంలో ఈ తరహా ఉత్సవాల్లో ఇదే బాగా పాతది. నేను వెళ్ళింది ఆ ఉత్సవం రోజుల్లోనే. వీధులనిండా పిల్లలు!

బొమ్మలు తిరగబడ్డాయి

ఈ ఊరి బొమ్మల చిత్రాలకి తల్లి అని చెప్పదగ్గ మనిషి హెర్మీనా టిర్లోవా. 1900లో పుట్టి 1993లో ఇదే ఊళ్ళో కన్నుమూశారు. యుద్ధం రోజుల్లో, జర్మన్లు దేశాన్ని ఆక్రమించి వున్నప్పుడు, ఈవిడ ఒక చీమ కథతో బొమ్మల చిత్రం తీశారు. యుద్ధం ముగిశాక 1946లో తీసినది 'బొమ్మల తిరుగుబాటు'. బొమ్మలు చేసుకు బతికే ఒక పెద్దాయన హిట్లర్‌ని వెక్కిరిస్తూ ఒక బొమ్మ చెక్కుతాడు. అది కనిపెట్టి గెస్టపో వాడు దుకాణంలోకి జొరబడతాడు. అప్పుడు అరల్లో వున్న ఆటబొమ్మలన్నీ లేచి, ఏకమై, వాణ్ణి తరిమి తరిమి కొడతాయి. గెస్టపో వాడు నిజం నటుడు, కొట్టేవన్నీ బొమ్మలు. అప్పుడే ఆ పీడ వదిలిన జనానికి ఆ కొద్ది నిమిషాల చిత్రం ఎలా వుండి వుంటుందో వూహించుకోండి.

రెండోవారు కారెల్ జెమాన్. షాపుల అద్దాల బీరువాలు అలంకరించే పనిలో వుండి 1943లో ఇక్కడికి చేరారు. పాత గుడ్డబొమ్మను పక్కన పడేసిన చిన్నపిల్ల కలలో ఆ బొమ్మకి ప్రాణం వచ్చే కథతో తీసిన 'క్రిస్మస్ కల' 1946 కాన్ ఉత్సవంలో బహుమతి పొందింది. ఆ దశాబ్దం చివర గాజుబొమ్మలతో ఒక చిత్రం తీశారు. గాజు వొంగుతుందా? వొంగదు. అయినా ఆయన చేతిలో నటించింది! 1955లో నలుగురు కుర్రాళ్ళను నదిమీద రాక్షసిబల్లుల కాలానికి పంపారు. 1958లో జూల్ వెర్న్ కథతో పాత పుస్తకాల బొమ్మలు కదిలినట్టుండే పెద్ద చిత్రం తీసి బ్రస్సెల్స్‌లో అగ్రబహుమతి కొట్టారు. 1989 వేసవిలోపే ఆయన పోయారు. తన ఊరికి పాత పేరు తిరిగి రావడం మాత్రం చూడలేదు.

పాత కార్ఖానాలో 14, 15 నంబర్ల భవనాలు ఇప్పుడు మ్యూజియం. ఒక పక్క అరలనిండా దేశదేశాల చెప్పులు. ఇంకో పక్క ఈ స్టూడియో చరిత్ర. అటు రాజుల జోళ్ళూ, ఇటు అరచేతిలో పట్టే బొమ్మలూ చూస్తూ తిరిగాను. పక్కన ఎవరో ముసలావిడ చేతికర్ర టకటకలాడిస్తూ నడుస్తూంటే అమ్మ గుర్తొచ్చి ఫోను చేశాను. "ఇవాళ కాలు పెట్టావా?" అంటే, "అక్కడ చలి ఎక్కువటగా, మఫ్లరు కట్టుకున్నావా?" అంది. జవాబు తెలిసిపోయింది.

కదలడం వేరు, నడవడం వేరు

స్టూడియో ఊరి శివారున కుద్లోవ్ కొండమీద వుంది. చెట్ల మధ్య ప్రశాంతంగా వుండే చోటు. ఆ రోజు పిల్లలకి బొమ్మలు కదిపే పని నేర్పిస్తున్నారు. నేర్పేవారు అరవై దాటిన పెద్దావిడ. ఆవిడ చెక్ భాషలో చెబితే ఒక కాలేజీ కుర్రాడు ఇంగ్లీషులోకి మార్చాడు. నేను కొండపల్లి బొమ్మ చేతిలో పెట్టి "మా ఊరినుంచి కానుక" అన్నాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, బొమ్మ బరువు అంచనా కట్టి, "దీన్ని నడిపించారా ఎప్పుడైనా?" అని అడిగారు. "లేదండీ, దీనికి కీళ్ళు లేవు గదా. కాళ్ళు కూడా చీరలోనే కలిసిపోయాయి" అన్నాను. "అయితే మరీ మంచిది. కూచోండి" అని పిల్లల మధ్య నాకూ ఒక బల్ల చూపించారు!

ఈ విద్య సూత్రం మీకు తెలిసిందే. బొమ్మను కాస్త కదపడం, ఒక ఫోటో తీయడం. మళ్ళీ కాస్త, మళ్ళీ ఒకటి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు తీస్తే సెకనుకి 12 భంగిమలు. నిమిషానికి 720! రోజంతా నడుం వొంచి పనిచేస్తే తెరమీద దక్కేది కొన్ని సెకన్లు. 1957లో 'మాయాబజార్' చూసి, లడ్డూలు తమంతట తామే ఘటోత్కచుడి నోట్లోకి వెళుతూంటే నోరు తెరుచుకున్న జాతి మనది. వస్తువు కదిలితే చాలు, మనకి మాయే. కానీ ఈవిడ మొదటి మాటే అది కాదంది. "కదలడం వేరు, నడవడం వేరు. ముందు మీకు తోచినట్టు చెయ్యండి, చూద్దాం."

మామూలు మనిషి సెకనుకి రెండడుగులు వేస్తాడు. అంటే అడుగుకి ఆరు భంగిమలు. నేను గీతలబద్ద పెట్టి, ఒక్కోసారి 8 మిల్లీమీటర్లు చొప్పున బొమ్మను ముందుకి జరుపుతూ 24 ఫోటోలు తీశాను. రెండు సెకన్ల చిత్రం! వేసి చూస్తే మా పల్లెపడుచు బెజవాడ స్టేషన్లో షంటింగ్ చేసే పెట్టెలాగా జారుకుంటూ వెళ్ళిపోయింది. పక్క బల్ల పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఆ పక్కన పదేళ్ళ కుర్రాడు లెగో మనిషిని నడిపిస్తున్నాడు. ఆ బొమ్మలు మీ ఇళ్ళలోనూ వుండే వుంటాయి. మోకాలు వుండదు. రెండు కాళ్ళూ తుంటి దగ్గర ముందుకీ వెనక్కీ తిరుగుతాయి, అంతే. కానీ కింద పలక మీద బొడిపెలున్నాయి గనక పాదం అక్కడ గట్టిగా పట్టుకుంటుంది. వాడు ఒక పాదాన్ని బొడిపెకి బిగించి, రెండోది గాల్లో వుంచి, వొంటిని నిలబడ్డ కాలి మీదికి తెచ్చి, అప్పుడు రెండోది కింద పెట్టేవాడు. తెరమీద ఆ ప్లాస్టిక్ మనిషి దర్జాగా, పనిమీద పోతున్నట్టు నడిచాడు.

పెద్దావిడ అప్పుడు కీళ్ళున్న ఒక అసలు సినిమా బొమ్మ తెచ్చి చూపించారు. లోపల లోహపు అస్థిపంజరం, కీలు కీలుకీ బిగువు. పాదంలో మరచుట్టు. బల్లకి కన్నాలు. కిందినుంచి మరమేకు బిగిస్తే బొమ్మ ఒంటికాలి మీద నిలబడుతుంది. "కొత్తవాళ్ళందరూ ఎత్తిన కాలినే చూస్తారు. దాన్ని అందంగా తిప్పాలని తంటాలు పడతారు. చూడాల్సింది నిలిచిన కాలిని. వొంటి బరువు దానిమీదికి వచ్చిందా లేదా? బరువు రాకుండా రెండోకాలు లేస్తే అది నడక కాదు, తేలడం. నిలిచిన కాలు వెంట్రుకవాసి జారినా చూసేవాడు నమ్మడు." ఆవిడ తన కుడికాలి మీద నిలబడి, తుంటి పక్కకి ఎలా వస్తుందో చూపించారు. "ప్రతి అడుగూ ముందుకి పడబోవడమే. రెండో కాలు వచ్చి పట్టుకుంటుంది. పట్టుకుంటుందన్న నమ్మకం వుంటేనే నడుస్తాం."

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. బెజవాడలో ఆ కుర్రాడు మూడు నెలలుగా అంటున్న మాట ఇదే గదా! అమ్మకి కాలు లేక కాదు, అది పట్టుకుంటుందన్న నమ్మకం లేక. ఇంతకాలం నేను కూడా "కాలు ఎత్తమ్మా, కాలు ఎత్తు" అని ఎత్తే కాలి గురించే పోరుతున్నాను.

"మరి నా బొమ్మకి కాళ్ళే లేవుగా?" అన్నాను.

"కాళ్ళు చీర చాటున వున్నా నడక వొంట్లో కనపడుతుంది" అన్నారావిడ. అట్టముక్కలు తెచ్చారు. నడిచేటప్పుడు రెండు పాదాలూ నేలమీద చాపి వున్నప్పుడు మనిషి కాస్త కిందికి దిగుతాడు. ఒక కాలు నిటారుగా నిలిచి రెండోది దాన్ని దాటేటప్పుడు పైకి లేస్తాడు. అందుకని బొమ్మ కింద ఒక అట్ట, తర్వాత రెండు, తర్వాత మూడు, మళ్ళీ రెండు, ఒకటి, చివరికి ఏమీ లేకుండా. ఒక అడుగుకి కుడివైపు, తర్వాతి అడుగుకి ఎడమవైపు చిటికెడు మైనం పెట్టి కొంచెం వొరగదీయాలి. ఆ మైనమే బొమ్మను పడిపోకుండా కూడా పట్టుకుంటుంది. పైకి లేచేటప్పుడు ముందుకి తక్కువ జరపాలి, దిగేటప్పుడు ఎక్కువ. సమానంగా 8 మిల్లీమీటర్లు జరిపితే అది యంత్రం.

మొదటిసారి పదిహేడో ఫోటో దగ్గర నా చొక్కా చెయ్యి తగిలి బొమ్మ పడిపోయింది. రెండోసారి బల్ల కదిలింది. మూడోసారి మధ్యాహ్నం దాటింది. తెల్లపొణికి మరీ తేలిక, ఊపిరి గట్టిగా వదిలినా వూగుతుంది. సాయంత్రానికి 24 ఫోటోలూ కుదిరాయి. కుర్రాడు మీట నొక్కాడు.

మా పల్లెపడుచు నడిచింది. రెండే సెకన్లు, నాలుగే అడుగులు. లేచి, దిగి, ఇటు వొరిగి, అటు వొరిగి, బిందెతో సహా బల్ల చివరిదాకా నడిచింది. ఇందాక నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. సినిమా వ్యాసాలు రాయబట్టి పాతికేళ్ళ పైనయింది, ఎందరో మహానటుల షూటింగులు చూశాను, ఏనాడూ కంట నీరు పెట్టుకోలేదు. ఆ రోజు కాస్త తడైందంటే మీరు నవ్వకండి.

బొమ్మను అక్కడి అరలోనే వుంచి వచ్చాను. చిత్రం నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చారు.

బిందె ఎటు వుంటే వొళ్ళు అటు వొరగదు

ఇంటికి రాగానే అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దగ్గరికి తెచ్చుకుని, ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు చూసింది. మెచ్చుకుంటుందని ఎదురు చూస్తున్నాను.

"బాగానే వుంది గానీ, ఇది తప్పురా" అంది.

"తప్పేమిటమ్మా? అక్కడివాళ్ళు చప్పట్లు కొడితేనూ!"

"వాళ్ళెప్పుడైనా బిందె మోశారా? ఎడం చంకన నిండుబిందె వున్న మనిషి అటూ ఇటూ సమానంగా వూగుతుందిట్రా? బిందె ఎడం పక్కనుంటే వొళ్ళు కుడికి వొరుగుతుంది. ఎడమకి వూగితే నీళ్ళన్నీ వొలికిపోవూ? మా ఊళ్ళో చెరువునుంచి రోజుకి ఎనిమిది బిందెలు మోసినదాన్ని, నాకు తెలీదూ?"

"అర్థం కాలేదమ్మా."

"నీకెలా అర్థమవుతుంది, కుళాయి తిప్పి పెరిగావు. ఇలా రా, పట్టుకో."

మంచం అంచునుంచి లేచింది. కుడిచెయ్యి వాకరు మీద ఆనించింది. ఎడంచెయ్యి మాత్రం వాకరు వదిలి, లేని బిందె చుట్టూ వేసి నడుముకి అదుముకుంది. నేను వెనక చేతులు చాచి నిలబడ్డాను, తాకకుండా. ఆవిడ వొళ్ళు కుడికి వొరిగింది. మూడు నెలలుగా నేలకి ఆననివ్వని ఆ కుడికాలి మీద బరువంతా పడింది. ఎడం కాలు లేచి ముందుకి వచ్చింది.

"చూశావా, ఇలా" అంది. ఇంకో అడుగు. "కుడివైపు నిలబడాలి, ఎడంవైపు వూరికే వేసెయ్యాలి." ఇంకో అడుగు.

గుమ్మంలో చప్పుడైంది. కసరత్తు కుర్రాడు వచ్చి అక్కడే ఆగిపోయాడు. ఏదో అనబోతూంటే నేను కళ్ళతోనే వద్దన్నాను.

నాలుగో అడుగుకి అమ్మకి తెలిసింది. ఆగి, తన కాలి వంక చూసుకుని, తర్వాత నా వంక చూసింది. "కుర్చీ లాగరా" అంది. లాగాను. కూచుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, "ఆ బొమ్మలావిడకి ఉత్తరం రాయి. మళ్ళీ తియ్యమను. ఈసారి కుడికి వొరగాలని చెప్పు" అంది.

రాశాను.